ఒకటిన్నర మిల్లీమీటరు

ఆ ఇంటాయన పని కట్టుడు పళ్లు చేయడం. ఆ ఇంటి పెద్దావిడ నోట్లో రెండేళ్లుగా ఒక్క పన్ను లేదు. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చెబితే, కొడుక్కి తల్లి మీద ప్రేమ లేదు కాబోలు అనుకుంటారు ఎవరైనా. కోడలికి ఆ సందేహం ఎప్పుడూ రాలేదు. ప్రేమ లేకపోతే ఈపాటికి ఎప్పుడో పళ్లు వచ్చి ఉండేవని ఆమెకు తెలుసు. ముక్కూ మొహం తెలియని వాళ్ల పళ్లయితే ఆయన కిందా మీదా పడి నెలకో, నెలన్నరకో ఇచ్చేస్తాడు. కన్నతల్లి పళ్లు కాబట్టే ఇంత ఆలస్యం.

ల్యాబ్‌లో ఆయన పేరు మిల్లీమీటరు. వెనకాల పెట్టిన పేరే గానీ, క్రమంగా ముందర కూడా పిలవడం మొదలుపెట్టారు. ఆయన నొచ్చుకోలేదు సరికదా, మిల్లీమీటరంటే మన పనిలో చాలా పెద్ద కొలత అని నవ్వకుండా వివరించాడు. పక్క బల్లల వాళ్లు నాలుగు రోజుల్లో ముగించే సెట్టుకు ఆయనకు నాలుగు వారాలు పట్టేది. చేసినవి మాత్రం చూడముచ్చటగా ఉండేవి. పళ్ల డాక్టర్లు వాటికోసం చెవి కోసుకునేవాళ్లు. డబ్బాలో పెట్టుకు తిరిగి సాటి డాక్టర్లకు చూపించేవాళ్లు. పళ్లు పెట్టుకోవాల్సిన ముసలాయన ఒకడు మాత్రం ల్యాబ్ కౌంటరు దగ్గర కర్ర తాటించి, "నా పళ్లు నేనుండగా వస్తాయా, నా తర్వాత వస్తాయా, అది చెప్పండి చాలు," అని గొడవ పడి, సెట్టు ఇప్పించుకుని వెళ్లాడు. మిల్లీమీటరు ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు. ముసలాయన తిట్టినందుకు కాదు. తొందరపడి ఇచ్చేసిన ఆ సెట్టులో కింది దవడ పన్నొకటి తనకు నచ్చలేదట.

పెద్దావిడ ఉద్యోగంలో ఉన్న రోజుల్లో బస్సు స్టేషన్‌లో మైకు ముందు కూర్చునేది. ఫలానా బస్సు ఫలానా ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని ముప్ఫై ఏళ్లు చెప్పింది. అటువంటి మనిషికి వయసు మీద పడేసరికి ఎనిమిది పళ్లు మిగిలాయి. ఎనిమిదిటితోనూ ఆవిడకు ఇబ్బందేమీ లేదు. ఎటు నమలాలో, ఎటు నమలకూడదో అలవాటైపోయింది. ఇబ్బంది అంతా కొడుక్కే.

"ఉన్నవాటి మధ్యలో కడితే అతుకులు అతుకుల్లాగే కనిపిస్తాయమ్మా," అన్నాడు. "మొత్తం తీయించేద్దాం. శుభ్రంగా కొత్త సెట్టు కట్టేస్తాను. నెల రోజులు ఓపిక పట్టు."

"నెలేగా," అంది ఆవిడ.

తీసిన డాక్టరు రెండు పళ్లు వేళ్లతో కదిపి చూసి, ఇవి ఇంకో పదేళ్లు నిలుస్తాయే అని గొణిగాడు. కోడలు ఆ మాట విన్నది. విని ఊరుకున్నది. పళ్ల సంగతి పళ్ల వాళ్లకు తెలుస్తుంది, మధ్యలో మనమెవరం అనుకున్నది. అనుకున్నందుకు రెండేళ్లుగా ఇంట్లోవాళ్ల అన్నం పక్కన మరో గిన్నెలో జావ కాస్తున్నది.

అసలు చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఉద్యోగంలో చేరిన కొత్తలో తీయించుకున్న తల్లి ఫోటో ఒకటి ఆయన బల్ల మీదికి చేరింది. అందులో ఆవిడ నవ్వుతోంది. పైవరుసలో ఒక పన్ను పక్కదాని మీదికి వెంట్రుకవాసి ఒరిగింది. ఆ నవ్వు ఆ ఒరుగుడుతో సహా మళ్లీ తెస్తానని ఆయన పట్టు. ముందు చిగుళ్ల అచ్చు తీయాలి. దాన్ని బట్టి ప్లాస్టర్ దిమ్మ పోయాలి. దాని మీద గులాబి రంగు మైనంలో ఒక్కొక్క పన్నూ గుచ్చాలి. అంతా కుదిరాక మైనం తీసేసి గట్టి సెట్టు పోయాలి. ఆయన మైనం దగ్గరే నెలలు గడిపేవాడు. చిగుళ్లేమో ప్లాస్టర్ దిమ్మలా ఆగి ఉండవు. పళ్లు తీశాక అవి లోలోపల అరిగి దిగిపోతూ ఉంటాయి. ఈయనకు పన్ను పన్నూ నచ్చి సెట్టు చేతికొచ్చే వేళకు, కింద చిగురు మరొకటైపోయి ఉండేది. సెట్టు నోట్లో పెట్టగానే ఒదులు.

"మళ్లీ మొదట్నుంచీ," అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహం కాస్త తేటపడేది. కోడలికి అన్నిటికన్నా భయం వేసింది అది చూసే.

ఏడు సెట్లు అయ్యాయి. ఏడూ దూదిలో చుట్టి, బిస్కెట్ల డబ్బాలో పెట్టి, ఆయన అల్మారాలో తాళం వేశాడు.

"పోనీ ఎనిమిదోది వచ్చేదాకా అందులో ఒకటి పెట్టుకుంటాను, నాన్నా," అంది తల్లి. "ఒదులైతే ఏం? చెప్పులు ఒదులైతే నడవమా?"

"అవి సగం పనులమ్మా. నా చేత్తో చేసిన సగం పని నీ నోట్లో పెట్టి ఊళ్లో తిప్పమంటావా?"

ఆవిడ ఊళ్లో తిరగడం ఎప్పుడో మానేసింది. నలుగురున్న చోట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఏమడిగినా తల ఊపేది. వారానికోసారి చెల్లెలు ఫోన్ చేసేది. "ఏంటక్కా? మళ్లీ చెప్పు. లైను సరిగ్గా లేదా ఏంటి?" అని అరిచేది. లైను బ్రహ్మాండంగా ఉండేది. వారం కాస్తా నెల అయింది. బుగ్గలు లోపలికి పోయి, గడ్డం ముక్కు వైపు లేచి, ఆవిడ ఆ ఫోటోలో మనిషికి అమ్మమ్మలా తయారైంది.

ఆయన పరిస్థితీ అంతంతమాత్రమే. నిద్రలో పళ్లు కొరికేవాడు. పక్క గదిలోకి వినిపించేది. దవడ పళ్లు ఎంత అరిగాయో ఆయనే అద్దంలో చూసి, కొలిచి, ఒక చీటీ మీద రాసుకున్నాడు. కొరకకుండా రాత్రిళ్లు పెట్టుకునే తొడుగు తనకు తానే చేసుకోవడం మొదలుపెట్టాడు. అది కూడా పూర్తి కాలేదు. కడుపులో మంట, వేళ్లలో సన్నటి వణుకు. వణుకుతో పని చెడుతుంది, చెడితే మళ్లీ చేస్తాడు, మళ్లీ చేస్తే నిద్ర ఉండదు, నిద్ర లేకపోతే వణుకు. కోడలు బతిమాలి, కోప్పడి, చివరికి తనకే బాగాలేదని అబద్ధం చెప్పి ఒక మనసు డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

అక్కడికి వెళ్లాక మాత్రం ఆయన పేరే రాయించింది. ముందు ఒక ఫారం నింపమన్నారు. ముప్ఫై ప్రశ్నలు. ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా అని మూడు గళ్లు.

"అప్పుడప్పుడు అంటే వారానికి ఎన్నిసార్లండీ?" అని ఆయన కౌంటరు అమ్మాయిని అడిగాడు.

"మీకెలా అనిపిస్తే అలా టిక్కు పెట్టండి సార్."

"అనిపిస్తే ఎలాగమ్మా, కొలత ఉండాలి కదా?"

ఒక టిక్కు గడి దాటి బయటికి వచ్చిందని రెండో ఫారం అడిగాడు. పదకొండో ప్రశ్న దగ్గర మనసు మార్చుకుని మూడోది అడిగాడు. ఈలోగా వీళ్ల వంతు వెళ్లిపోయింది. తర్వాతి వాళ్లు లోపలికి వెళ్లి, ఏడ్చి, తేలికపడి బయటికి కూడా వచ్చేశారు. "ఇంటి దగ్గర నిదానంగా నింపి తెస్తాను," అని ఆయన లేచాడు. ఆ ఫారాలు సొరుగులో ఉన్నాయి. ఇరవై రెండో ప్రశ్న దాకా అయింది.

అప్పుడు కోడలు మైనం మాస్టారి దగ్గరికి వెళ్లింది. ఆయన ఆ ల్యాబ్‌లోనే పనిచేసి రిటైరయ్యాడు. ఆమె మొగుడికి మైనం పట్టుకోవడం నేర్పింది ఆయనే.

"మాస్టారూ, మా అత్తయ్యకి పళ్లు కావాలండీ."

"మీ ఇంట్లోనే ఉన్నాడు కదమ్మా నాకన్నా గొప్ప పనివాడు."

"గొప్పవాడేనండీ. అందుకే మీ దగ్గరికి వచ్చాను."

మాస్టారు గట్టిగా నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి ఆపేశాడు.

"వాడు కొత్తలో చేసిన పని అందరికీ చూపించి మిగతావాళ్లని తిట్టేవాణ్ణి. చూడండ్రా, పనంటే ఇదీ, అని. అదే నేను చేసిన తప్పు. ఆ రోజే ఒక్కటి తగిలించి, చాల్లే, ఇచ్చేసెయ్ అని ఉండాల్సింది," అన్నాడు. "రెండు వారాలు పడుతుంది. పక్క వీధి డాక్టరు మనవాడే, అచ్చు తీస్తాడు. అందంగా ఉంటాయని నేను చెప్పను. అన్నం మాత్రం నమలొచ్చు."

"నాకు అన్నం చాలండీ."

మొగుడు పనికి వెళ్లిన వేళల్లో అత్తా కోడళ్లు నాలుగుసార్లు గుట్టుగా వెళ్లి వచ్చారు. పళ్లు వచ్చిన రోజు పెద్దావిడ డాక్టరు గదిలో అద్దం ముందు చాలాసేపు నిలబడింది.

"గుర్రంలా ఉన్నానా, అమ్మాయ్?"

"కొద్దిగా, అత్తయ్యా. మంచి జాతి గుర్రం."

ఇంటికి వచ్చి ఆవిడ మొట్టమొదట అడిగింది దోసకాయ ముక్క. కరకరమని నమిలింది. కోడలు గిన్నె కడగడం ఆపి ఆ చప్పుడు విన్నది. ఇన్నేళ్ల కాపురంలో అత్తగారు తింటుంటే వినాలనిపించడం అదే మొదలు. తర్వాత చెల్లెలికి ఫోన్.

"ఎవరండీ మాట్లాడేది?" అంది చెల్లెలు.

"నేనేనే, మొద్దూ. పళ్లొచ్చాయి!"

గంటా పది నిమిషాలు మాట్లాడుకున్నారు. అందులో సగం పోయినవాళ్ల గురించి, మిగతా సగం పోవాల్సినవాళ్ల గురించి.

పదకొండు రోజులు ఆ ఇంట్లో దొంగ సంసారం నడిచింది. పొద్దున్న ఆయన గుమ్మం దాటగానే పళ్లు నోట్లోకి, సాయంత్రం ఐదున్నరకు నోట్లోంచి గిన్నెలోకి. గిన్నె ఉప్పు డబ్బా వెనక్కి. ఆరింటికి కొడుకు ఎదురుగా కూర్చుని పెద్దావిడ బుద్ధిగా జావ తాగేది. మధ్యాహ్నం కడుపునిండా తిన్న మనిషి కాబట్టి సగం వదిలేసేది.

"అమ్మ తిండి తగ్గిపోయింది," అని ఆయన దిగులుపడ్డాడు. "ఈ నెలలో ఎలాగైనా పూర్తి చేయాలి."

ఆయన అటు వెళ్లగానే పెద్దావిడ గుసగుసగా, "పరాయి మగాణ్ణి దాచినట్టు దాస్తున్నామే అమ్మాయ్, పట్టుబడితే?" అంది.

"మీ వయసుకి అదొక ముచ్చట, అత్తయ్యా. కానివ్వండి."

పన్నెండో రోజు ల్యాబ్ యజమాని మిల్లీమీటరును గదిలోకి పిలిచాడు. ఆ నెలలో ఆయన బల్ల మీద నుంచి ఒక్క పని కూడా కదలలేదు. "ఇంటికెళ్లి వారం రోజులు నిద్రపో. నిద్రపోయిన మొహంతో వస్తే లోపలికి రా. ఇదే మొహంతో వస్తే వద్దు," అన్నాడు. దాంతో ఆయన మధ్యాహ్నం రెండింటికి ఇంటి ముందు నిలబడ్డాడు. లోపల తల్లి నవ్వుతోంది. ఫోన్లో చెల్లెలితో ఏదో చెబుతూ, నోరారా, రెండేళ్లుగా ఆ ఇంట్లో వినిపించని నవ్వు.

తలుపు తోసుకుని వచ్చి ఆవిడ ఎదురుగా ఆగాడు. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోబోయింది, అప్పటికే ఆలస్యమైంది. కోడలు వంటగదిలోంచి పరుగున వచ్చింది. అరుస్తాడనుకుంది. అరిస్తే ఏమనాలో పదకొండు రోజులుగా మనసులో వల్లె వేసుకున్నది కూడా.

"ఎవరు చేశారు?" అన్నాడు.

"మాస్టారు," అంది కోడలు. "నేనే చేయించాను. అత్తయ్యనేమీ అనకండి."

ఆయన వంగి తల్లి మొహంలోకి చూశాడు. కొడుకు తల్లిని చూసినట్టు లేదు ఆ చూపు.

"బాగున్నాయి," అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "ముందు పళ్ల మధ్య గీత ఎడమకి ఒకటిన్నర మిల్లీమీటరు జరిగింది. అంతే. బాగున్నాయి," అన్నాడు.

ఆ అంతే అన్న మాట ఆ ఇంట్లో నాలుగు రోజులు కూర్చుంది.

ఆయన పళ్లు ఇమ్మని అడగలేదు. సెలవు కాబట్టి పొద్దస్తమానం ఇంట్లోనే ఉండేవాడు. తల్లి మాట్లాడితే ఆవిడ కళ్లలోకి కాకుండా నోట్లోకి చూసేవాడు. ముక్కు కొస నుంచి గడ్డం దాకా ఆయన కళ్లు ఒక గీత గీసేవి, ఆ గీత పై పళ్ల దగ్గర తట్టుకుని ఆగిపోయేది. ఆవిడ మాట మధ్యలో మింగేసేది. రెండో రోజుకు నవ్వడం మానింది. మూడో రోజుకు అటు తిరిగి తినడం మొదలుపెట్టింది. ఆయన మూడు రాత్రులు కన్ను మూయలేదు. నాలుగో రోజు పొద్దున మొహం కడుక్కుంటుంటే తొట్టిలో రక్తం పడింది. లోబుగ్గ కొరుక్కున్నాడు.

"సెలవులో ఇంకా మూడు రోజులే ఉన్నాయి," అని కోడలు అత్తగారితో వంటగదిలో అంది. "ఆయన అడిగినా ఇవ్వకండి. మీకు దండం పెడతాను. పది నిమిషాల పని అంటారు. ఆయన పది నిమిషాలు మనకి తెలియనివా?"

పెద్దావిడ పొయ్యి వైపు తిరిగి మంట తగ్గించింది.

"వాడు అడగలేదే, అమ్మాయ్," అంది. "అడిగితే ఇవ్వకపోదును."

అప్పుడు కోడలు ఆవిడ మొహం సరిగ్గా చూసింది. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి.

"అత్తయ్యా! ఎప్పుడిచ్చారు?"

"ఇందాక. నువ్వు బట్టలు ఆరేస్తున్నప్పుడు. నేనే తీసి చేతిలో పెట్టాను. ఎలా పుచ్చుకున్నాడనుకున్నావ్? పసిపిల్లాడికి పాలసీసా ఇచ్చినట్టే."

కోడలు ముందు గదిలోకి వెళ్లేసరికి పళ్లు అరగదీసే చిన్న మోటారు ఎప్పుడో ఆగిపోయి ఉంది. కిటికీ దగ్గర బల్ల మీద పాత గుడ్డ పరిచి ఉంది. దాని మీద పై సెట్టు రెండు ముక్కలుగా ఉంది. సరిగ్గా నడి మధ్యన, సన్నటి రంపంతో, గుండె తరుక్కుపోయేంత నున్నగా కోశాడు. ముందు పళ్లు నాలుగు ఊడదీసి, వరుసగా, ఒకదానికొకటి సమాన దూరంలో పేర్చాడు. గులాబి రంగు పొడి బల్ల అంచుకు ఒక్క రవ్వ కూడా పడకుండా ఒక చోటికి చేర్చి ఉంది.

ఆయన పక్కనే కుర్చీలో తల వాల్చి నిద్రపోతున్నాడు. పట్టపగలు, పదకొండు గంటలకు, నోరు తెరుచుకుని. దవడ కదలడం లేదు. వేళ్లు ఒళ్లో వదులుగా పడి ఉన్నాయి. పెళ్లైన కొత్తలో ఆ వేళ్లను చూసే ఈ మనిషి నెమ్మదస్తుడని ఆమె సంబరపడింది.

భుజం పట్టి కుదిపి లేపుదామని చెయ్యి చాచింది. ఏం చేశారో చూసుకోండి అని అరుద్దామనుకుంది. వెనక నుంచి అత్తగారు ఆ చెయ్యి పట్టుకుంది. ముసలి చెయ్యే, కానీ గట్టిగా పట్టుకుంది.

"లేపకు," అంది. పళ్లు లేని నోటితో ఆ మాట సగం గాలైపోయింది. "రెండేళ్లకి పడుకున్నాడు."

"మళ్లీ మాస్టారి దగ్గరికి వెళ్దాం, అత్తయ్యా. రేపే వెళ్దాం. ఈసారి ఆయనకి తెలియకుండా..."

"తెలియకుండా ఎన్నాళ్లు? తెలిస్తే మళ్లీ నిద్ర పోడు. నిద్ర పోకపోతే ఉద్యోగంలోకి రానివ్వరు." ఆవిడ కొడుకు మొహం వైపు చూసింది. "నేను జావ తాగి బతుకుతానే. వాడు నిద్ర లేకుండా బతకడు."

కోడలికి కోపం వచ్చింది. ఎవరి మీద కోపమో తేల్చుకోవడానికి చూసింది. ఆయన మీద అనుకుంటే ఆయన పసివాడిలా పడుకుని ఉన్నాడు. అత్తగారి మీద అనుకుంటే ఆవిడ కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, కొడుకు మీద వాలబోయిన ఈగను తోలుతోంది. ఎవరి మీదా పెట్టలేని కోపాన్ని వంటగదిలోకి తీసుకుపోయి గిన్నెల మీద పెట్టింది. చప్పుడైతే ఆయన లేస్తాడేమోనని, గిన్నెల్ని కూడా మెల్లగానే పెట్టింది.

నాలుగింటికి ఆయన లేచాడు. కళ్ల కింద నలుపు అప్పుడే కాస్త విరిగినట్టుంది. రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. బాగుంది అని కూడా అన్నాడు. చేతులు కడుక్కొచ్చి తల్లిని కిటికీ వెలుతురులో స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"మాస్టారి పని మోటు గానీ, అచ్చు పర్వాలేదమ్మా. దాని మీద చేయలేం అనుకో. కొత్త అచ్చు తీద్దాం. ఈసారి నాకు పని మొత్తం కళ్ల ముందు కనిపిస్తోంది. పది రోజులు. ఎక్కువ పట్టదు."

"ఏ ఏడాది పది రోజులండీ?" అంది కోడలు.

ఆయన నవ్వాడు. నిజంగానే నవ్వాడు, మంచి జోకు విన్నట్టు. తల్లి గడ్డం పట్టుకుని పైకెత్తి, "ఆ... అనమ్మా," అన్నాడు. ఆవిడ నోరు తెరిచింది. ఆయన బొటనవేలు పై చిగురు వెంట ఈ చివర నుంచి ఆ చివర దాకా నెమ్మదిగా, ఎక్కడా నొప్పి పుట్టకుండా కదిలింది.

"చూశావా, ఇక్కడ ఇంకా దిగుతోంది," అన్నాడు. "ఒక నెల ఆగితే పూర్తిగా స్థిరపడుతుంది. అప్పుడు మొదలుపెడదాం. ఏమంటావమ్మా?"

నోరు తెరిచి పట్టుకుని ఉన్న మనిషి ఏమంటుంది? కళ్లతోనే అలాగే అంది.